ఆ రోడ్డు మీద గుంత లేదు

పోయిన నెలలో ఒకరోజు మధ్యాహ్నం, బడిలో ఆటసామాన్ల గదికి తాళం వేసి వరండాలో నడుస్తూ ఉండగా, నా సెల్‌ఫోనుకు ఒక ఆహ్వానపత్రిక వచ్చింది. కర్నూలులో మహిళల సైకిల్ ర్యాలీ జరుగుతుందట, దూరం ఐదు కిలోమీటర్లట, వచ్చినవారందరికీ ఒక టీషర్టూ ఒక మజ్జిగ ప్యాకెట్టూ ఇస్తారట, తొలితరం క్రీడాకారిణిగా నాకు శాలువా కప్పుతారట. అంతవరకూ చదివి, ఈ వయసులో కూడా మనల్ని తలుచుకునే వాళ్లున్నారే అని లోపల కొంచెం పొంగిన మాట దాచుకోను. ఆ పొంగు ఎంతోసేపు నిలవలేదు. ముఖ్య అతిథిగా వచ్చే పెద్దమనిషి పేరుకు ముందు 'రాయలసీమ మహిళా సైక్లింగ్ పితామహులు' అని బంగారు రంగు అక్షరాలతో వేశారు. దాని కింద మా పాత ఫొటో. ఎర్ర జెర్సీలు తొడుక్కుని, సైకిళ్లు పట్టుకుని వరుసగా నిలబడిన మా జట్టు. అసలు ఫొటోలో మేము ఐదుగురం. పత్రికలో నలుగురమే ఉన్నాం. చివర నిలబడిన ఐదో పిల్లను ఎవరో శుభ్రంగా కత్తిరించేశారు గాని, ఆ పిల్ల నా భుజం మీద వేసిన చేతిని మాత్రం కత్తిరించడం చేతకాలేదు కాబోలు, నాలుగు వేళ్లు, ఎవరివో తెలియకుండా, నా భుజాన్ని పట్టుకుని అలాగే ఉండిపోయాయి.

'రాను' అని ఒక్క మాట రాసి పంపి ఫోను సంచిలో పడేశాను. కానీ ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నా కడుపులో మంట చల్లారలేదు. రక్తపోటు ఉన్నదానివి, ఇరవై ఏళ్లు దాటిపోయిన సంగతికి ఇప్పుడెందుకీ ఆవేశం అని మా ఆయన అంటారు. జ్ఞాపకాలంటే తియ్యగా ఉండాలని, తాటిముంజలూ వెన్నెల రాత్రులూ ఉండాలని చాలామంది అనుకుంటారు. నా దగ్గరా అలాంటివి లేకపోలేదు. అయితే నా ఈడు ఆడవాళ్లకు తెలుసు, మన జ్ఞాపకాల్లో సగం మింగేసిన మాటలే. అందులో ఒకటి ఇప్పుడు కక్కేస్తాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో, కర్నూలులో బండల ఫ్యాక్టరీ ఉన్న ఒక ఓనరుకు ఒక ఆలోచన వచ్చింది. విదేశాల్లో ఆడవాళ్లు కంపెనీల పేర్లు వీపు మీద వేసుకుని సైకిలు పందేలు తొక్కడం ఆయన టీవీలో చూశాడట. మన బండల పేరు కూడా అలా ఊరూరా తిరిగితే ఎంత బాగుంటుందని, సైకిలు తొక్కే ఆడపిల్లలను వెతికించి, నెలనెలా జీతమిచ్చి, ఒక జట్టు పెట్టాడు. న్యాయంగా చెప్పాలంటే అది చిన్న సంగతి కాదు. సైకిలు తొక్కడమే ఉద్యోగంగా ఆడపిల్లకు జీతమివ్వడం మా సీమలో అంతకుముందు ఎవరూ విననిది. మా జీతం ఏనాడూ ఆలస్యం కాలేదు. మా సైకిళ్లు బొంబాయి నుంచి వచ్చాయి. ఆ మనిషికి ఇవ్వవలసిన మర్యాద ఇంతవరకే. ఇది ఇచ్చేశాను గనుక ఇక మిగిలింది చెప్పడానికి నాకు అడ్డు లేదు.

మాది నందికొట్కూరు. బజారులో మా నాయనకు తాళ్లూ గోతాలూ చేదలూ అమ్మే అంగడి ఉండేది. సరుకు వేసుకుని చుట్టుపక్కల పల్లెలకు పోయే బరువైన సైకిలు ఒకటి అంగడి ముందు ఎప్పుడూ నిలబెట్టి ఉండేది. ఎనిమిదో తరగతిలో నేను అడ్డతొక్కుడు నేర్చుకున్నది దాని మీదే. వ్యాయామ విద్యలో డిగ్రీ చేశాక ఒక ప్రైవేటు బడిలో పిల్లల చేత డ్రిల్లు చేయిస్తూ ఉండగా, జిల్లా పోటీల్లో నన్ను చూసి జట్టులోకి పిలిచినవాడు మా కోచ్. ఆయనను అందరూ ఉస్తాదు అనేవారు. పాతబస్తీలో సైకిలు షాపు, తెల్లగడ్డం, పడుచుతనంలో హైదరాబాదు దాకా పోయి పందేలు గెలిచిన మనిషి. చక్రం గాలిలో తిప్పి చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు, రోగం ఎక్కడుందో చెప్పేసేవాడు. నేను జట్టులో చేరానని తెలిసిన రోజు నుంచి మా నాయన నాతో మాట్లాడటం మానేశాడు. తొడలకు అంటుకుపోయే నల్ల నిక్కరు వేసుకుని బిడ్డ రోడ్డెక్కిందని అంగడికి వచ్చిన ప్రతివాడూ ఆయనకు చెప్పిపోయేవాడు. అన్నం పెట్టేటప్పుడు కూడా అమ్మ మా ఇద్దరి మధ్య నిలబడి మాటలు అటూ ఇటూ మోసేది.

ఐదుగురిలో నేనే పెద్దదాన్ని. అందుకని నన్ను కెప్టెన్ చేశారు. అందరికన్నా చిన్నది వేంపల్లె పిల్ల. పంతొమ్మిదేళ్లు. వాళ్ల ఊరి నుంచి పొద్దున్నే పాలక్యాన్లు కట్టుకుని వేంపల్లె దాకా తొక్కి, పాలు పోసి, అక్కడి నుంచే కాలేజీకి పోయేదట. ఆ బరువు మోసి మోసి ఆ కాళ్లలో ఎక్కడ లేని సత్తువ చేరింది. చూడటానికి చెరుకుగడలాగా సన్నగా ఉండేది గాని ఎత్తు ఎక్కేటప్పుడు మేమంతా నోళ్లు తెరిచి రొప్పుతుంటే అది మాట్లాడుతూ ఎక్కేది. మాట్లాడకుండా సైకిలు తొక్కడం దానికి రాదు. ఎదురుగాలి వస్తే ఆ గాలికి అత్తగారి వరస పెట్టి తిట్టేది. ఆషాఢంలో మా మైదానాల్లో వీచే గాలి తెలిసినవాళ్లకు తెలుసు, మనిషిని నిలువునా వెనక్కి తోస్తుంది. ఆ గాలిలో ఒకరి వెనక ఒకరం చక్రానికి చక్రం ఆనించినట్టు పోయేవాళ్లం. ముందున్నది గాలిని చీల్చాలి, వెనకున్న నలుగురూ ఆ చాటున కొంచెం ఊపిరి తీసుకోవాలి, ముందున్నది అలిసిపోతే పక్కకు తప్పుకుని చివరకు రావాలి, తర్వాతది ముందుకు పోవాలి. వేంపల్లె పిల్ల తన వంతు అయిపోయినా వెనక్కి వచ్చేది కాదు. కోప్పడి వెనక్కి పిలవవలసి వచ్చేది.

తెల్లవారుజామున కర్నూలు దాటి ఓర్వకల్లు రాళ్ల దాకా పోయి వచ్చి, రోడ్డు పక్క హోటల్లో ఉగ్గాని బజ్జీ తినేవాళ్లం. ఒక్కొక్కరం ఇద్దరి తిండి తినేవాళ్లం, హోటలాయన మమ్మల్ని చూడగానే ఇంకో బాండలి పొయ్యి మీద పెట్టేవాడు. ఆ రోడ్డు మీద మేము చూడని మనిషి రకం లేదు. పక్కనే మోటారుసైకిలు మీద వస్తూ పాటలు పాడినవాళ్లు, వెనక నుంచి వచ్చి జడ లాగినవాళ్లు, ఒకసారి రాయి విసిరినవాడు. ఆ రాయి మోచేతికి తగిలిన మచ్చ నాకు ఇప్పటికీ ఉంది. ఇంకోవైపు, బుడ్డలు, అదే వేరుశనగ, పెరకడానికి పోయే కూలి ఆడవాళ్లు గట్ల మీద నిలబడి కొడవళ్లు పైకెత్తి, పోండి పోండని మమ్మల్ని హుషారు చేసేవాళ్లు. బస్సు డ్రైవర్లు దారి ఇచ్చి, మా తొక్కుడుకు తాళం వేసినట్టు హారను కొట్టేవాళ్లు. మనుషుల మంచితనాన్నీ నీచాన్నీ నేను పుస్తకాల్లో చదవలేదు, ఆ రోడ్డు మీద చూశాను.

పందేలప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయేది. మగపిల్లల పందెం చల్లటి పొద్దులో పెట్టేవాళ్లు. అది ముగిసి, ఉపన్యాసాలు అయిపోయి, రోడ్డు తారు కాళ్లకు అంటుకునే వేళకు ఆడవాళ్ల పందెం. వాళ్లకు వంద కిలోమీటర్లయితే మాకు ఇరవై. ఇంకా ఎక్కువ తొక్కితే ఆడపిల్లల ఆరోగ్యం చెడిపోతుందని జిల్లా సైక్లింగ్ అసోసియేషన్ సెక్రటరీ మైకులో చెప్పేవాడు. ఇరవై కిలోమీటర్లు మాకు ఒళ్లు వేడెక్కడానికి కూడా చాలేది కాదు. గెలిచిన మగపిల్లవాడికి కప్పు, గెలిచిన ఆడపిల్లకు స్టీలు బిందె. రెండేళ్లలో మా ఐదుగురి ఇళ్లలో చేరిన బిందెలతో ఒక పెళ్లికి నీళ్లు పట్టవచ్చు. ఉస్తాదు ఊరకుండలేదు. సెక్రటరీ ఇంటి చుట్టూ ఏడాది పొడుగునా తిరిగి, బతిమాలి, చివరకు పోట్లాడి, ఆడవాళ్లకూ ఒక పెద్ద పందెం ఒప్పించాడు. మంత్రాలయం నుంచి ఎమ్మిగనూరు, కోడుమూరు మీదుగా కర్నూలు దాకా. వందకు కొంచెం తక్కువ. ఆ మాట చెప్పిన రోజు ఉస్తాదు మా అందరికీ సేమియా పాయసం పోశాడు.

పందెం రోజు పొద్దున తుంగభద్రలో కాళ్లు తడుపుకుని, మఠం ముందు నుంచి బయలుదేరాం. మా చుట్టుపక్కల జిల్లాల పిల్లలూ, కర్ణాటక వైపు నుంచి వచ్చిన పిల్లలూ కలిసి ముప్పైమందికి పైగా ఉన్నాం. ఎమ్మిగనూరు దాటేసరికి సగంమంది వెనకబడ్డారు. కోడుమూరు దగ్గర మాలో ఒక పిల్ల టైరు పగిలింది. ఉస్తాదు తన వ్యాను ఆపి ఆ పిల్లకు చక్రం మార్చడానికి అక్కడే ఉండిపోయాడు. ఊరు దాటాక చిన్న ఎత్తు ఒకటి వస్తుంది. అక్కడ వేంపల్లె పిల్ల వెనక్కి తిరిగి నా మొహం చూసింది. నేను తల ఊపాను. అంతే, తాడు తెంచుకున్న కోడెదూడలాగా దూసుకుపోయింది. కర్ణాటక పిల్లలిద్దరు దాన్ని పట్టుకోవాలని తొక్కుతున్నారు, నేను వాళ్ల వెనకే అంటుకుని ఉన్నాను. ముందు ఒంటరిగా ఆ ఎర్ర జెర్సీ, ఇరువైపులా కోసిన జొన్నచేలు, మిట్టమధ్యాహ్నం కాని లేత ఎండ. నా జన్మలో అంత సంతోషంగా నేను ఇంకెప్పుడూ లేను. గెలుస్తున్నది నేను కాకపోయినా సరే.

అప్పుడు వెనక నుంచి ఓనరు జీపు వచ్చింది. పందెం దారిలోకి వేరే బండ్లు రాకూడదని నిబంధన ఉంది. పందేనికి డబ్బు పెట్టినవాడికి నిబంధనలేమిటి. పైకప్పు తీసేసిన తెల్లజీపు, అందులో ఓనరు నిలబడి ఉన్నాడు, పక్కన వీడియో కెమెరా పట్టుకున్నవాడు, వెనక ఆయన మనుషులు నలుగురు. మమ్మల్ని దాటేసి వేంపల్లె పిల్ల పక్కకు చేరారు. జెర్సీ మీది బండల కంపెనీ పేరు కెమెరాలో సరిగా పడాలని ఓనరు డ్రైవరు భుజం మీద కొట్టి అరిచి చెప్పడం వెనకే ఉన్న నాకు స్పష్టంగా వినిపించింది. "ఇంకా దగ్గరికి పోనీ అప్పా!" అన్నాడు. తర్వాత ఆ పిల్లతో, "ఈ పక్క సూడు పాపా, రోంత నగు!" అన్నాడు.

అది నవ్వలేదు. చేత్తో జీపును అవతలికి పొమ్మని సైగ చేసింది. ముందు కల్వర్టు ఉంది, రోడ్డు అక్కడ సన్నబడుతుంది. జీపు తప్పుకోలేదు. జీపు ముందుచక్రం పక్క రేకు ఆ పిల్ల హ్యాండిలుకు తగిలింది. సైకిలు గిరుక్కున తిరిగి కల్వర్టు గోడకు కొట్టుకుంది, పిల్ల గాలిలోకి లేచి గోడ అవతల ఎండిపోయిన వంకలో రాళ్ల మీద పడింది. ఇదంతా జరగడానికి పట్టిన కాలం నేను ఈ వాక్యం రాసినంత కూడా లేదు.

నేను దిగి పరిగెత్తాను. కర్ణాటక పిల్లల్లో ఒకతె ముందుకు పోయింది. ఆమె మీద నాకు కోపం లేదు, పందేనికి వచ్చింది, పోయింది. రెండో పిల్ల మాత్రం సైకిలు పడేసి నాతోపాటు వంకలోకి దూకింది. తన సీసాలో నీళ్లు వేంపల్లె పిల్ల నోట్లో పోస్తూ కన్నడంలో ఏదో ఓదార్పు మాటలు చెబుతూ ఉండిపోయింది. గెలిచే పందెం వదులుకున్న ఆ పిల్ల పేరు నేను అడగలేదు. జీవితంలో నేను మరిచిపోయిన మర్యాదల్లో అది పెద్దది.

జీపు కొంత దూరం పోయి ఆగింది. దిగి పరిగెత్తుకుంటూ వచ్చినవాడు డ్రైవరు ఒక్కడే. వేంపల్లె పిల్ల తొడ ఎముక విరిగి కాలు ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. అది చూసి అతను తల బాదుకుని ఏడుస్తూ దాన్ని రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. జీపు దాకా తెచ్చాడు. ఓనరు దిగలేదు. వంగి చూసి, "ఏం కాల్యా, గీరుకునింటాది. వెనక మన వ్యాను వస్తాండాది, దాంట్లో ఏస్కోని రాండి. నాకు ఆడ సభ ఉండాది" అన్నాడు. డ్రైవరు ఆ పిల్లను రోడ్డు పక్క నా ఒడిలో పెట్టి, జీపు ఎక్కి, దాన్ని నడుపుకుంటూ వెళ్లిపోయాడు. ఉస్తాదు వ్యాను వచ్చేదాకా మేము అక్కడే ఉన్నాం. ఎంతసేపో తెలియదు. ఎప్పుడూ మాట్లాడుతూ ఉండే పిల్ల ఆ సేపంతా ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ సాయంత్రం కర్నూలులో సభ జరిగింది, ఉపన్యాసాలు జరిగాయి, స్టీలు బిందెలు ఇచ్చారు. పెద్దాసుపత్రిలో ఒక నర్సమ్మ మాత్రం డ్యూటీ అయిపోయినా ఇంటికి పోకుండా ఆ పిల్ల తల దగ్గర కూర్చుంది.

మరునాడు పొద్దున నన్ను ఓనరు ఆఫీసుకు పిలిపించారు. అక్కడ ఓనరూ, అసోసియేషన్ సెక్రటరీ ఉన్నారు. బల్ల మీద టైపు చేసిన కాగితం. రోడ్డు మీది గుంతను గమనించక, తన అజాగ్రత్త వల్లనే సదరు క్రీడాకారిణి పడిపోయినదని, కెప్టెన్‌గా వెనకనే వస్తూ నేను కళ్లారా చూశానని అందులో ఉంది. జీపు మాట లేదు. సెక్రటరీ చాలా మెత్తగా మాట్లాడాడు. మిగిలిన ముగ్గురికీ నాకూ స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలకు సర్టిఫికెట్లు సిద్ధంగా ఉన్నాయట, ఆయన సంతకం ఒక్కటే బాకీ అట. కేసూ గీసూ అంటే జట్టు ఉండదట, ఆ పిల్ల వైద్యం ఎవరు చూస్తారో ఆలోచించుకోమన్నాడు. నేను నిలబడే ఉన్నాను. ఓనరు నవ్వి, "శెట్టిగారి బిడ్డవి, లాభమేదో నష్టమేదో నీకు మేం చెప్పల్లనా?" అన్నాడు.

నేను సంతకం పెట్టాను.

ఇరవై ఏళ్లుగా ఈ ఒక్క వాక్యాన్ని ఎన్ని రకాలుగా చెప్పుకోవచ్చో అన్ని రకాలుగా చెప్పుకుని చూశాను. వైద్యం కోసం పెట్టానన్నాను, తోటి పిల్లల కోసం పెట్టానన్నాను, భయపడ్డానన్నాను. అన్నీ కొంచెం కొంచెం నిజమే. ఆ గదిలో నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదన్నది మాత్రం పూర్తి నిజం. కాబట్టి ఇదంతా చదివి ఓనరు మీద పళ్లు నూరే పాఠకులు, నా కోసం కూడా కొంచెం మిగుల్చుకోండి.

రెండో రోజు వేంపల్లె పిల్ల తండ్రి ఆసుపత్రిలో నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. చెనిక్కాయలు పండించుకునే రైతు, చదువురాని మనిషి. ఆయన దగ్గర కూడా వేలిముద్ర వేయించుకున్నారు. తలగుడ్డ తీసి చేత పట్టుకుని, "నువ్వు సూసినావంట గదమ్మా, గుంతలో పడిందంట. నువ్వు సెప్పినావంటే నిజమే. పోనీలే, బిడ్డ బతికింది, అదే శాలు" అన్నాడు. నా చెంప మీద కొట్టి ఉంటే నయంగా ఉండేది.

మూడో రోజుకు ఆ పిల్లకు పూర్తిగా తెలివి వచ్చింది. కాలు పైకి కట్టి, ఇటుకలు వేలాడదీసి ఉంది. నేను మంచం పక్కన కూర్చుని బత్తాయి వలుస్తున్నాను. తండ్రి దానికి కాగితం సంగతి అప్పటికే చెప్పి ఉన్నాడు. అది పైకప్పు కేసి చూస్తూ, తిట్టకుండా, ఏడవకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"అక్కా, ఆడ గుంత యాడుండాదక్కా?"

వలిచిన తొనలు దాని చేతిలో పెట్టబోతే తీసుకోలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది.

అక్కడి నుంచి నేరుగా ఉస్తాదు షాపుకు పోయాను. అంతా చెప్పి, ఏం చెయ్యమంటావని అడిగాను. ఆయన విరిగిన ఆ సైకిలును ముందు వేసుకుని కూర్చుని ఉన్నాడు. తలెత్తి, "నేను చూసింటే ఈ పాటికి నేనే రాసిచ్చిందును బేటీ. చూసింది నువ్వు. నన్నడిగితే ఏమొస్తాది?" అన్నాడు. ఆ మాటకు అప్పుడు ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఇప్పుడు లేదు.

బస్సెక్కి నందికొట్కూరు పోయాను. దారిలోనే, కుదుపుల్లో, జరిగింది జరిగినట్టు రెండు పేజీలు రాశాను. జీపు ఎవరిది, అందులో ఎవరెవరున్నారు, ఎవరు ఏమన్నారు, మొదటి సంతకం ఎందుకు పెట్టాను, అన్నీ రాశాను. ఆ రోజు సంత. అంగడి ముందు తాళ్లు బేరం చేసే రైతులు కిటకిటలాడుతున్నారు. నేను వాళ్ల మధ్య నుంచి పోయి, రెండేళ్లుగా నాతో మాట్లాడని మా నాయన ముందు ఆ కాగితాలు పెట్టాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఎవరికీ ఎదురు చెప్పి ఎరగని మనిషి. పన్నులాయనకూ, పార్టీలవాళ్లకూ, గుడి చందాలవాళ్లకూ లేచి నిలబడి దణ్ణం పెట్టే మనిషి. చెవి మీది పెన్సిలు తీసి, నేను 'డీకొట్టింది' అని రాసిన చోట ఒత్తు పెట్టాడు. తర్వాత లేచి, బేరాలాడుతున్నవాళ్లందరినీ బయటికి పంపి, సంతరోజున, పట్టపగలు, అంగడి తలుపులు వేశాడు. "పా అమ్మా, నేనూ వస్తాండా" అన్నాడు.

పోలీసు స్టేషనుకు మొదటి కాగితం అప్పటికే చేరింది. ఒకే సంఘటనకు రెండు కాగితాలు, రెండింటి కిందా ఒకే సంతకం. ఏది నిజమమ్మా అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. మొదటిది భయపడి పెట్టింది, రెండోది చూసి పెట్టింది అన్నాను. రేపు రమ్మన్నారు. మా నాయన అక్కడి చెక్కబల్ల మీద కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చున్నాడు. చివరకు నా కాగితం తీసుకున్నారు.

ఏమైందని అడుగుతారు గదా. కేసు నాలుగేళ్లు నడిచింది. నేను నా కాగితంలో 'ఇంకా దగ్గరికి పోనీ' అన్న మాట ఎవరన్నారో రాశాను. కానీ బండి నడిపింది డ్రైవరు గనుక శిక్ష పడింది డ్రైవరుకే, ఆ రోజు దిగి వచ్చి ఏడ్చిన ఒకే ఒక్క మనిషికి. కెమెరా అంతా చూసింది, ఆ క్యాసెట్టు మాత్రం ఎవరికీ దొరకలేదు. వారం తిరగకుండా ఓనరు జట్టు ఎత్తేశాడు. సైకిళ్లు, జెర్సీలు, ఆఖరికి చేతి తొడుగులు కూడా గోతాల్లో వేసుకుని తీసుకుపోయారు. సర్టిఫికెట్ల మీద సెక్రటరీ సంతకం పడలేదు. మిగిలిన ముగ్గురిలో ఇద్దరికి ఆ ఏడే పెళ్లిళ్లు చేసేశారు. మూడో పిల్ల తల్లి మా అంగడి ముందుకు వచ్చి, ఉద్యోగం రాకుండా నా బిడ్డ నోట్లో మన్ను కొట్టినావని నన్ను శపించి పోయింది. ఆ తల్లిది తప్పు అని నేను అనలేను. నేను తర్వాత పరీక్ష రాసి సర్కారు బడిలో వ్యాయామ ఉపాధ్యాయిని అయ్యాను. ఉస్తాదు పోయి చాలా ఏళ్లయింది. ఆ ఓనరు మాత్రం శాలువాలు కప్పుతూ, కప్పించుకుంటూ, పితామహుడై కూర్చున్నాడు.

వేంపల్లె పిల్లకు మూడుసార్లు ఆపరేషను చేశారు. ఆ కాలు రెండు వేళ్లంత పొట్టి అయింది. సైకిలు మళ్లీ ఎక్కలేదు. ఎనిమిదేళ్లు నేను దాని గడప తొక్కే ధైర్యం చేయలేకపోయాను. చివరకు ఒక ఎండాకాలం సెలవుల్లో బస్సు దిగి అడుగుతూ అడుగుతూ పోతే, వాళ్ల చీనీ, అంటే బత్తాయి, తోటలో దొరికింది. కుంటుతూ చెట్ల పాదుల మధ్య తిరుగుతూ, నీళ్లు సరిగా కట్టలేదని కూలివాళ్లను ఎడాపెడా తిడుతోంది. ఆ తిట్లు వినగానే నాకు ఏడుపు ఆగలేదు. పెళ్లయింది, ఇద్దరు బిడ్డలు, తోట అంతా తన చేతి మీదనే నడుస్తోందట. నేను చెట్టు కింద నిలబడి, రెండో కాగితం రాశాను గదా అని కాదు, మొదటిదాని మీద సంతకం పెట్టాను అని చెప్పి క్షమించమని అడిగాను. అది పార కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, నన్ను ఎగాదిగా చూసింది.

"మన్నించేదైతే లేదక్కా. సంగటి చేసినా, తిని పో" అంది.

తిన్నాను. ఊరుబిండి పచ్చడి వేసి, నెయ్యి పోసి, ఇంకో ముద్ద తినమని కసిరి మరీ పెట్టింది. ఆ పూట మేము చీనీకాయల ధర గురించి మాట్లాడుకున్నాం, పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం. పందేల ఊసు ఇద్దరం ఎత్తలేదు. అప్పటి నుంచి ఏడాదికి ఒకసారి పోతాను. మన్నించావా అని మళ్లీ అడగలేదు.

కాలం మారిందని అందరూ అంటారు. మారలేదని నేను అనను. మా బడి ఆడపిల్లలకు ఇప్పుడు సర్కారువాళ్లే సైకిళ్లు ఇస్తున్నారు. సాయంత్రం గంట కొట్టగానే గేటులోంచి ఒక్కసారిగా నలభై సైకిళ్లు గలగలమని బయటపడతాయి. వాళ్ల మీద రాయి విసిరేవాడు లేడు. లెగ్గింగులు వేసుకుని రోడ్ల మీద పరిగెత్తే అమ్మాయిని తలతిప్పి చూసే తీరిక కూడా ఎవరికీ లేదు. అదంతా చూసి సంతోషపడతాను. పదో తరగతి అయిపోగానే ఆ సైకిళ్లు తమ్ముళ్లకు పోతాయి, పిల్లలు ఇంటర్మీడియెట్ పుస్తకాల్లోకి పోతారు. ఏడాదికి ఒకనాడు ఐదు కిలోమీటర్లు తొక్కి, ఫొటో దిగి, టీషర్టు తెచ్చుకుంటారు. సైకిలు తొక్కినందుకు మా సీమలో ఒక ఆడపిల్లకు నెలజీతం ఇచ్చినవాళ్లు మా తర్వాత మళ్లీ ఎవరూ లేరు.

ఈ మధ్య తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె, కాళ్లలో మంచి సత్తువ ఉన్న పిల్ల, మైదానంలో నా పక్కకు వచ్చి, మేడం, సైకిలు తొక్కితే ఉద్యోగమిస్తారా అని అడిగింది. ఒకప్పుడు ఇచ్చేవాళ్లమ్మా అన్నాను. అది నమ్మలేదు. నేనేదో పాతకాలం కథ చెబుతున్నాననుకుని, మర్యాదకు నవ్వి, వెళ్లిపోయింది. కథ కాదు, మేము తొక్కాం, అది మా ఉద్యోగం, ఇలా ఇలా పోగొట్టారు అని వెనక్కి పిలిచి చెప్పాలనుకున్నాను. అప్పటికే ఆ పిల్ల గేటు దాటిపోయింది.